పదమూడేళ్లకే ప్రఖ్యాతి: ఫ్రాంకీ లైమన్ కథ

మన సభ్యులలో పింఛను సెక్షన్లలో పనిచేసి రిటైరైన వారికి బాగా తెలిసిన చిక్కు ఒకటి ఉంది. ఉద్యోగి కన్నుమూస్తాడు. సర్వీసు రిజిస్టరులో భార్య పేరు ఒకటి ఉంటుంది, రేషను కార్డులో మరొకటి ఉంటుంది, కాగితాలు పట్టుకుని కౌంటరు దగ్గరకు వచ్చిన ఆవిడ పేరు ఇంకొకటి. ఫైలు లావెక్కుతుంది గాని పైసా కదలదు. సరిగ్గా ఇలాంటి చిక్కే అమెరికాలో ఒక పాటగాడు పోయిన పదహారేళ్లకు వచ్చి పడింది. ముగ్గురు స్త్రీలు, ముగ్గురూ అతని భార్యలమనే కోర్టుకెక్కారు. పోయేనాటికి అతని వయసు ఇరవై అయిదు. అతని పాట ఇంగ్లండులో మొదటి స్థానంలో నిలిచిన నాటికి అతనికి ఇంకా పద్నాలుగు నిండలేదు. పేరు ఫ్రాంకీ లైమన్.

ఇంగ్లీషు పాటల మీద మనలో చాలామందికి పెద్దగా మోజు ఉండి ఉండదు. మన పిల్లలూ మనవలూ వింటుంటే కాస్త సౌండు తగ్గించమని గదమాయించినవాళ్లమే. అయినా ఈ కుర్రాడి కథ తెలుసుకోదగ్గది. ఇందులో పాట ఎంత ఉందో, కాగితం మీద ఎవరి పేరు పడింది అన్న సంగతీ అంతే ఉంది.

ఫ్రాంకీ 1942 సెప్టెంబరు 30న న్యూయార్కు నగరంలోని హార్లెంలో పుట్టాడు. హార్లెం నల్లజాతివారి పేట. దక్షిణాది రాష్ట్రాలలో బతకలేక, పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు అక్కడి ఇరుకు వాటాలలో తలదాచుకున్నాయి. తండ్రి లారీ డ్రైవరు, తల్లి ఇళ్లలో పనిచేసేది. ఇద్దరికీ గొంతు ఉంది. హార్లెమెయిర్స్ అనే భక్తిగీతాల బృందంలో పాడేవారు. పిల్లలు కూడా చర్చిలో వాళ్లతో గొంతు కలిపేవారు. ఇంట్లో పాటకు లోటు లేదు, డబ్బుకే లోటు. పదేళ్లకే ఫ్రాంకీ కిరాణా కొట్టులో పనికి కుదిరాడు.

ఆ రోజుల్లో హార్లెం కుర్రాళ్లకు వాయిద్యాలు కొనే స్తోమతు లేదు. అందుకని గొంతులనే వాయిద్యాలుగా చేసుకున్నారు. ఒకడు మంద్రంలో డూం డూం అంటూ తాళం పట్టుకుంటాడు, ఇద్దరు ముగ్గురు మధ్యస్థాయిలో వంత పాడతారు, ఒకడు పైస్థాయిలో అసలు పాట ఎత్తుకుంటాడు. వీధి మొగలో దీపస్తంభం కింద, మెట్ల దారిలో, బడి ఆవరణలో, ఎక్కడ గొంతు బాగా మోగితే అక్కడ సాయంత్రాలు సాధన చేసేవారు. ఈ బాణీకి తర్వాతి కాలంలో డూ వాప్ అని పేరు వచ్చింది. మన భజన గోష్ఠులలో ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకోవడం గుర్తుచేసుకుంటే కొంతవరకు పోలిక దొరుకుతుంది.

1954లో బడిలో జరిగిన ఒక పాటల పోటీలో ఫ్రాంకీ అలాంటి ఒక బృందాన్ని విన్నాడు. ప్రధాన గాయకుడు హెర్మన్ శాంటియాగో, వంతపాటకు జిమ్మీ మర్చంట్, జో నెగ్రోనీ, మంద్రానికి షెర్మన్ గార్న్స్. మర్చంట్, గార్న్స్ నల్లవారు. శాంటియాగో, నెగ్రోనీ ప్యూర్టోరికో మూలాల వారు. ఫ్రాంకీ వాళ్లకంటే చిన్నవాడు, పొట్టివాడు, కాని నోరు పెద్దది. స్నేహం చేసుకుని బృందంలో చేరిపోయాడు. పేర్లు మార్చి మార్చి చివరకు టీనేజర్స్ అన్న పేరుతో నిలిచారు. పదమూడు నుంచి పంతొమ్మిది దాకా వయసును ఒక జాతిగా చూసే అలవాటు అమెరికాలో అప్పుడప్పుడే వ్యాపారస్తులకు పట్టుబడుతోంది. ఆ పిల్లలకు జేబుఖర్చు ఉంది, అది గ్రామఫోను రికార్డుల మీద పెడతారు అని కంపెనీలు గ్రహించాయి. ఆ పేరుతో బృందం పుట్టడం అందుకే కాలానికి తగినట్టు కుదిరింది.

పాట పుట్టిన వైనం ఆ బృందం వారు ఇలా చెప్పుకుంటూ వచ్చారు. వీళ్ల సాధన రోజూ వినే పొరుగింటి ఆయన ఒకరు తన ప్రేయసి రాసిన ఉత్తరాలు కొన్ని తెచ్చి, పాటలకు పనికొస్తాయేమో చూసుకోమని ఇచ్చాడు. అందులో పక్షులు పాడటం గురించి ఉన్న ఒక మాట పట్టుకుని శాంటియాగో, మర్చంట్ పాట అల్లారు. అదే తర్వాత ‘వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్’ అయింది. తెలివితక్కువవాళ్లు ప్రేమలో ఎందుకు పడతారు అని దాని అర్థం. వాలెంటైన్స్ అనే బృందంలో పాడే రిచర్డ్ బ్యారెట్ వీళ్లను విని, జార్జ్ గోల్డ్‌నర్ అనే రికార్డు కంపెనీ యజమాని దగ్గరకు తీసుకువెళ్లాడు. పరీక్షకు వెళ్లిన రోజున శాంటియాగోకు గొంతు సరిగా లేదు. ఫ్రాంకీ అందుకున్నాడు. గోల్డ్‌నర్‌కు ఇక వేరే గొంతు అక్కరలేకపోయింది.

పాటను ఎవరు రాశారు అన్నది పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నలభై ఏళ్ల తర్వాత అమెరికా అప్పీలు కోర్టు తేల్చవలసి వచ్చింది దాన్నే.

1956 జనవరిలో గోల్డ్‌నర్‌కు చెందిన గీ కంపెనీ పేరుతో రికార్డు విడుదలైంది. బుధవారం రాత్రి రేడియో సిలోన్ పెట్టుకుని, బినాకా గీత్‌మాలాలో ఈ వారం ఏ పాట ఏ మెట్టు మీద ఉందో చూసిన తరం మనది. అమెరికాలో ఆ మెట్ల లెక్క వారంవారం పత్రికలలో అచ్చయ్యేది. అందులో రంగుభేదం కూడా ఉండేది. నల్లవారు కొనే పాటల పట్టిక వేరు, అందరికీ కలిపిన పట్టిక వేరు. ఫ్రాంకీ పాట మొదటి పట్టికలో అయిదు వారాలు అగ్రస్థానంలో ఉంది. రెండవదానిలో ఆరో స్థానం దాకా వెళ్లింది. తెల్లవారి పిల్లలు కూడా ఎగబడి కొంటే తప్ప ఆ మెట్టుకు చేరడం కుదరదు. జులైలో ఇంగ్లండులో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఇక్కడ అదే ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మనలో కొందరు అప్పటికి ఫ్రాంకీ ఈడు వారే.

ఈ రోజు ఆ రికార్డు వింటే ముందు చెవిన పడేది ఆ గొంతు ఎత్తు. ఆడపిల్ల గొంతంత సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా పైకి పోతుంది. పదమూడేళ్లవాడు ప్రేమ గురించి అన్నీ అనుభవించినవాడిలా పాడతాడు. అది నటనే, అయినా నమ్మబుద్ధి అవుతుంది. మధ్యలో జిమ్మీ రైట్ వాయించిన శాక్సోఫోను వచ్చి పోతుంది. పాట మొత్తం రెండున్నర నిమిషాల లోపే.

తర్వాత పద్దెనిమిది నెలలు అయిదుగురికీ ఊపిరి సలపలేదు. ‘ఐ వాంట్ యూ టు బి మై గర్ల్’ పదమూడో స్థానం దాకా వెళ్లింది. మరికొన్ని పాటలు నల్లవారి పట్టికలో నిలబడ్డాయి. ఛాతీ మీద పెద్ద టి అక్షరం ఉన్న తెల్లని స్వెటర్లు వేసుకుని ఊరూరా తిరిగారు. 1956 చివరలో వచ్చిన ‘రాక్, రాక్, రాక్’ అనే సినిమాలో కనిపించారు. నేను చెడు తిరుగుళ్లు తిరిగే పిల్లవాణ్ణి కాను అనే అర్థం వచ్చే పాట ఒకటి అందులో ఫ్రాంకీ చేత పాడించారు. ఆ కొత్త సంగీతం పిల్లలను పాడుచేస్తోందని పెద్దలు గోలపెడుతున్న కాలం అది. ఆ గోలకు జవాబుగా ఈ పసివాణ్ణి నిలబెట్టారు. అతని తర్వాతి జీవితం తెలిసినవారికి ఆ దృశ్యం చూడటం కష్టం.

1957లో ఇంగ్లండు వెళ్లి లండన్ పల్లేడియం థియేటరులో పాడారు. ఆ ఏడాదే మనకు ‘మాయాబజార్’ వచ్చింది. మనం వివాహభోజనానికి మురిసిపోతున్న ఆ రోజుల్లోనే హార్లెం కిరాణా కొట్టు కుర్రాడు లండన్ జనం చేత చప్పట్లు కొట్టించుకుంటున్నాడు.

అదే ఏడాది జులైలో ఒక సంఘటన జరిగింది. పాటల ప్రచారకుడు అలన్ ఫ్రీడ్ ఏబీసీ టెలివిజన్‌లో ‘ది బిగ్ బీట్’ అనే కార్యక్రమం నడుపుతున్నాడు. పాట అయిన తర్వాత కుర్రకారు అందరూ వేదిక మీద ఆడుతుంటే, ఫ్రాంకీ కూడా ఒక తెల్లమ్మాయితో కలిసి నాలుగడుగులు వేశాడు. దక్షిణాది టెలివిజన్ స్టేషన్లు అగ్గిమీద గుగ్గిలమయ్యాయి. కొద్ది వారాలకే కార్యక్రమం ఆగిపోయింది. రికార్డు కొనడానికి అడ్డురాని రంగు, పక్కన నిలబడి ఆడటానికి అడ్డువచ్చింది.

ఆ నాటికే బృందం చీలిపోయింది. గోల్డ్‌నర్ ఫ్రాంకీని విడిగా, ఒంటరి గాయకుడిగా నిలబెట్టాలని చూశాడు. ‘గూడీ గూడీ’ అనే పాట ఇరవయ్యో స్థానం దాకా వెళ్లింది. రికార్డు మీద బృందం పేరున్నా వంతపాట అద్దె గొంతులది. తర్వాత అంతే. అటు అతను లేని టీనేజర్స్‌కూ, ఇటు వాళ్లు లేని ఫ్రాంకీకీ మునుపటి విజయం మళ్లీ దక్కలేదు. విడిపోవడంలో కుర్రాడి తప్పెంతో నేను తేల్చలేను. పద్నాలుగేళ్లవాడికి చుట్టూ ఉన్న పెద్దలందరూ నువ్వే గొప్ప అని చెబుతుంటే వాడు ఏం చేస్తాడు? వాడి చేత ఆ నిర్ణయం చేయించినవాళ్లు నలభయ్యేళ్ల వ్యాపారస్తులు.

ఇంతలో ప్రకృతి తన పని తాను చేసింది. మన పద్యనాటకాలలో లోహితాస్యుడి వేషం కట్టే పిల్లలకు ఏమవుతుందో పాతవారికి తెలుసు. మీసకట్టు వచ్చే వేళకు గొంతు బొంగురుపోతుంది, సమాజం వారు మరో పిల్లవాణ్ణి వెతుక్కుంటారు. ఆ పిల్లవాడు ఇంటికి పోయి చదువో వ్యవసాయమో చూసుకుంటాడు. ఫ్రాంకీకి తిరిగి వెళ్లడానికి చదువు లేదు, మరో పని చేతకాదు. 1960లో వచ్చిన ‘లిటిల్ బిట్టీ ప్రెటీ వన్’ పట్టికలో సగానికి కూడా చేరలేకపోయింది. అది చివరి మెట్టు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు.

అంతకంటే పెద్ద ముప్పు అప్పటికే పట్టుకుని ఉంది. పదిహేనో ఏట హెరాయిన్ అలవాటైంది. తన వయసుకు రెట్టింపు వయసున్న ఒక స్త్రీ దాన్ని అలవాటు చేసిందని 1967లో ఎబొనీ పత్రికకు దాచకుండా చెప్పుకున్నాడు. 1961లో ఆ అలవాటు మాన్పించే చికిత్సకు చేరాడు. మానడం, మళ్లీ మొదలుపెట్టడం, చిన్న హోటళ్లలో పాడటం, దొరికిన డబ్బు కరిగిపోవడం. ఆ ఏళ్ల గురించి ఇంతకంటే వివరంగా చెప్పవలసింది ఏమీ లేదు. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నవారికి చెప్పనక్కరలేదు, లేనివారికి చెప్పినా అర్థం కాదు.

పెళ్లిళ్ల విషయం మాత్రం వివరంగా చెప్పాలి. 1964 జనవరిలో వర్జీనియా రాష్ట్రంలో ఎలిజబెత్ వాటర్స్‌ను పెళ్లాడాడు. వారికి ఒక ఆడబిడ్డ పుట్టి రెండు రోజులకే పోయింది. అయితే ఎలిజబెత్‌కు అంతకుముందే పెళ్లయింది, ఆ పెళ్లి చట్టప్రకారం అప్పటికి రద్దు కాలేదు. ఆ తర్వాత ప్లాటర్స్ అనే పేరుమోసిన బృందంలోని గాయని జోలా టేలర్‌తో కాపురం. 1965లో మెక్సికో సరిహద్దు పట్టణం మెహికాలీలో తమ పెళ్లి జరిగిందని ఆమె చెప్పేది. 1966లో హెరాయిన్ కేసులో ఫ్రాంకీ పట్టుబడ్డాడు. జైలుకు బదులు సైన్యంలో చేరే అవకాశం ఇచ్చారు. జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ గోర్డన్‌కు పంపారు. అక్కడికి దగ్గరి ఊరు అగస్టాలో ఎమైరా ఈగిల్ అనే బడిపంతులమ్మ పరిచయమైంది. 1967 జూన్‌లో పెళ్లి చేసుకున్నారు. ముందటి పెళ్లిళ్ల సంగతి ఏ కాగితమూ తేల్చలేదు.

శిబిరం నుంచి సెలవు లేకుండా జారుకుని అక్కడి క్లబ్బులలో పాడుతున్నాడని సైన్యం అతన్ని తీసివేసింది. అయినా ఆ కొద్దినెలలు అతను కొంత నిలదొక్కుకున్నట్టే కనిపిస్తాడు. 1968 మొదట్లో న్యూయార్కు నుంచి మళ్లీ పాడే అవకాశం వచ్చింది. కొత్త కంపెనీ ఒకటి ఒప్పందానికి సిద్ధమైంది. ఎమైరాను అగస్టాలో ఉంచి బయలుదేరాడు. హార్లెంలో తాను పెరిగిన నాయనమ్మ ఇంట్లోనే దిగాడు. ఫిబ్రవరి 27న ఆ ఇంటి స్నానాలగదిలో శవమై కనిపించాడు. పక్కన సూది ఉంది. బ్రాంక్స్‌లోని సెయింట్ రేమండ్స్ శ్మశానంలో పూడ్చారు. ఎన్నో ఏళ్లు ఆ సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు.

ఇక పాట సంగతి. అమెరికాలో పాట అమ్ముడైనప్పుడల్లా, ఇంకొకరు పాడినప్పుడల్లా రాసినవారికి రాయల్టీ అందుతుంది. మొదటి రికార్డుల మీద రచయితలుగా లైమన్, శాంటియాగో, గోల్డ్‌నర్ పేర్లు వేశారు. గోల్డ్‌నర్ పాట రాయలేదు, కంపెనీ అతనిది, అంతే. తర్వాతి ముద్రణలలో శాంటియాగో పేరు కూడా మాయమైంది. గోల్డ్‌నర్‌కు గుర్రపు పందాల పిచ్చి. అప్పులు ముంచుకొచ్చి తన కంపెనీలు మోరిస్ లెవీ అనే వ్యాపారికి అమ్మేశాడు. అక్కడినుంచి గోల్డ్‌నర్ పేరున్న చోట లెవీ పేరు వచ్చి కూర్చుంది. పాట పుట్టిననాడు ఆ గుమ్మంలో కూడా లేని మనిషి దాని రచయిత అయ్యాడు. ఈ లెవీ నేరస్థుల ముఠాలతో సంబంధాలున్నవాడు. 1988లో బెదిరించి డబ్బు గుంజిన కేసులో శిక్ష పడింది, జైలుకు వెళ్లకుండానే 1990లో చనిపోయాడు.

ఫ్రాంకీ పోయిన పదమూడేళ్లకు, 1981లో, డయానా రాస్ ఆ పాటను మళ్లీ పాడింది. అమెరికాలో ఏడో స్థానం దాకా వెళ్లింది. రాయల్టీ లక్షల డాలర్లలోకి పెరిగింది. ఇంకొక ముడి కూడా ఉంది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ కాలపు పాటల హక్కు ఇరవై ఎనిమిదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. రచయిత అప్పటికి బతికిలేకపోతే ఆ హక్కు భార్యాబిడ్డలకు పోతుంది, ముందు కొనుక్కున్న కంపెనీకి కాదు. 1956కు ఇరవై ఎనిమిది కలిపితే 1984. ఫ్రాంకీకి బిడ్డలు లేరు. కాబట్టి ప్రశ్న ఒక్కటే మిగిలింది, అతని భార్య ఎవరు?

ముగ్గురూ వచ్చారు. జోలా టేలర్ తన పెళ్లికి రుజువు చూపలేకపోయింది. ఎలిజబెత్ తన మొదటి పెళ్లి 1965లో రద్దయిందనీ, ఆ తర్వాత ఫ్రాంకీతో పెన్సిల్వేనియాలో భార్యాభర్తలుగా కాపురం చేశామనీ వాదించింది. తంతు లేకపోయినా కాపురాన్నే పెళ్లిగా గుర్తించే ఆచారం ఆ రాష్ట్రంలో ఉండేది. కింది కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఎమైరా అప్పీలుకు వెళ్లింది. ఆమె దగ్గర ఉన్నదల్లా ఒక పెళ్లి పత్రం, ఎనిమిది నెలల కాపురం. పైకోర్టు కింది తీర్పును కొట్టివేసి ఎమైరానే చట్టబద్ధమైన భార్యగా తేల్చింది. కౌంటర్ల దగ్గర కూర్చున్న మన మిత్రులకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. కాపురం ఎన్నేళ్లు అన్నది కాదు, పత్రం ఏది అన్నదే ఆఖరికి నిలబడుతుంది. అయినా ఎలిజబెత్ వైపు నుంచి ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ బిడ్డను కన్నదీ పోగొట్టుకున్నదీ ఆమే కదా.

ఆ వ్యాజ్యం నడుస్తున్న కాలంలోనే శాంటియాగో, మర్చంట్ కూడా కోర్టుకు వచ్చారు. షెర్మన్ గార్న్స్ 1977లో, జో నెగ్రోనీ 1978లో, ఇద్దరూ నలభై నిండకుండానే పోయారు. మిగిలిన ఇద్దరూ పాట రాసింది మేము అని వాదించారు. 1992లో జ్యూరీ వారి మాట నిజమేనని ఒప్పుకుంది. మరుసటి ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం అయిదుగురికీ దక్కింది. కాని 1996లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. పాట మీరు రాయలేదని కోర్టు అనలేదు. హక్కు కోసం మూడేళ్లలోగా దావా వేయాలి, మీరు దశాబ్దాలు ఆగి వచ్చారు అంది. అంటే కాలదోషం. మేము పిల్లలం, లెవీకి భయపడ్డాం అని వాళ్లు చెప్పుకున్నది ఆ గడువు ముందు నిలవలేదు.

ఫ్రాంకీ గొంతు మాత్రం ఇతరుల గొంతులలోకి పాకింది. న్యూయార్కులోనే పెరిగిన రోనీ స్పెక్టర్ అతన్ని విని పాట మీద మనసు పడ్డానని చెప్పుకునేది. 1969లో పదకొండేళ్ల మైకేల్ జాక్సన్ అన్నలతో కలిసి ముందుకు వచ్చినప్పుడు, మధ్యలో చిన్నవాడు, చుట్టూ వంతపాట అన్న ఆ అమరిక టీనేజర్స్ నాటిదేనని పాతవారు గుర్తుపట్టారు. 1998లో ముగ్గురు భార్యల వ్యాజ్యం కథగా, ఆ పాట పేరుతోనే హాలీవుడ్ సినిమా వచ్చింది.

పాట హక్కుల పత్రాలలో రచయితలుగా నిలిచినవి రెండే పేర్లు. ఒకటి ఫ్రాంకీ లైమన్, రెండవది మోరిస్ లెవీ.